మెదడు ఆపరేషన్ తర్వాత వాంతులు: మత్తు డాక్టరుకి ముందు రోజే చెప్పాల్సినవి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా పాపకి 8 ఏళ్లు, 22 కిలోల బరువుంటుంది. రెండు నెలలుగా పొద్దున్నే లేవగానే తలనొప్పి అనేది, ఒక వాంతి చేసుకునేది, కాసేపటికి మామూలైపోయి బడికి వెళ్లేది. గ్యాస్ అనుకుని సిరప్‌లు తాగించాం. నడుస్తుంటే తూలుతోందని వాళ్ల టీచరు చెబితే గుంటూరు తీసుకొచ్చి ఎమ్మారై తీయించాం. చిన్న మెదడు దగ్గర గడ్డ ఉంది, లోపల నీరు కూడా చేరింది, తీసేయాలన్నారు. వచ్చే వారం గుంటూరులోనే ఆపరేషన్. సర్జన్ గారు ధైర్యం చెప్పారు. నా భయం మాత్రం వేరు. రెండేళ్ల కిందట టాన్సిల్స్ తీసినప్పుడు రాత్రంతా వాంతులు చేసుకుంది. గొంతు ఆపరేషన్‌కే అలా అయితే తలకి చేశాక ఏమవుతుంది? వాంతికి కుట్లు ఊడిపోతాయా? అసలు రాకుండా ముందే ఏమన్నా చేయొచ్చా? మా అత్తగారేమో ముందు రోజు మధ్యాహ్నం నుంచే పచ్చి మంచినీళ్లు కూడా పోయొద్దంటున్నారు. పక్కింటావిడ వాంతుల సిరప్ ఒకటి సంచీలో పెట్టుకెళ్లమంటోంది. ఏం చేయాలో చెప్పగలరు.
ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ భయంలో అర్థం ఉంది. పుర్రె తెరిచి చేసే ఆపరేషన్ల తర్వాత, ముందుగా మందు పడకపోతే, పిల్లల్లో సగం మంది దాకా వాంతులు చేసుకుంటారు. మీ పాపకి గడ్డ ఉన్న చోటు చూసినా, టాన్సిల్స్ నాటి సంగతి చూసినా ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువే. అయితే వీటిని చాలావరకు రాకుండా ఆపొచ్చు. ఆ పనిలో ఎక్కువ భాగం మీకు కనపడకుండా, పాపకి మత్తు ఇచ్చే వేళ, ఆపరేషన్ నడిచే వేళ జరిగిపోతుంది. అది సరిగ్గా జరగడానికి కావాల్సిన కబురు మాత్రం మీ దగ్గరే ఉంది. టాన్సిల్స్ తీసినప్పుడు రాత్రంతా వాంతులయ్యాయని నాకు రాశారు. ఆ మాట అక్కడి మత్తు డాక్టరుకి చెప్పారా?

సర్జన్‌కి చెప్పి ఊరుకుని ఉంటారేమో. సర్జన్ దృష్టంతా గడ్డ మీద, దాని చుట్టూ ఉన్న నరాల మీద ఉంటుంది, అలా ఉండాలి కూడా. పిల్లలకి మత్తు ఇవ్వడమే నా వృత్తి కాబట్టి చెబుతున్నాను, వాంతుల లెక్క చూసుకునేది మేము. మత్తు డాక్టరు మామూలుగా ముందు రోజు వార్డుకొచ్చి పాప నోరు తెరిపించి చూసి, ఛాతీ విని, రిపోర్టులు తిరగేసి వెళతారు. అప్పుడు మీరు మంచం పక్కనే ఉండండి. టీ తాగడానికి కిందకి వెళ్లిన సమయంలో వాళ్లు వచ్చిపోతే, చెప్పాల్సిన మాట చెప్పకుండానే పాప థియేటర్‌లోకి వెళ్లిపోతుంది. అలా జరిగితే సిస్టర్‌ని అడిగి మళ్లీ పిలిపించండి. ఏమీ అనుకోరు.

ఏం చెప్పాలి? టాన్సిల్స్ అప్పుడు వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి, ఎప్పుడు తగ్గాయి, ఏ ఇంజెక్షన్‌కి తగ్గాయి. అప్పటి డిశ్చార్జి కాగితం బీరువాలో ఉంటే తెచ్చి చూపించండి, అందులో వాడిన మందుల పేర్లుంటాయి. మీకు గానీ, పాప నాన్నకి గానీ, అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో ఏదైనా ఆపరేషన్ తర్వాత వాంతులయ్యాయేమో గుర్తు చేసుకోండి. మీకు సిజేరియన్ అయి, ఆ రోజు వాంతులతో అవస్థపడి ఉంటే, పాప విషయంలో అదీ పనికొచ్చే కబురే. బస్సెక్కితే పాపకి పడదా? చెప్పండి. వాంతి ఆపే మందు పడ్డాక ఎప్పుడైనా మెడ వంకర తిరిగిందా, కళ్లు పైకి గుడ్లేశాయా? తప్పకుండా చెప్పండి. మీ కుటుంబంలో చిన్న వయసులో ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయినవాళ్లు, ఊరికే స్పృహ తప్పి పడిపోయేవాళ్లు ఉన్నా చెప్పండి. వాంతుల మందుల్లో కొన్ని గుండె లయని కొద్దిగా మారుస్తాయి. అది ముందే తెలిస్తే మందు మార్చుకుంటాం, లేదా ఈసీజీ తీయించి ఇస్తాం.

ఈ ప్రశ్నలకి లెక్కుంది. జర్మనీలో ఎబర్‌హార్ట్ అనే మత్తు డాక్టరు బృందం 2004లో పిల్లల కోసం నాలుగు అంశాల కొలత ఒకటి తయారుచేసింది. ఆపరేషన్ 30 నిమిషాలు దాటడం, వయసు 3 ఏళ్లు నిండి ఉండడం, మెల్లకన్ను ఆపరేషన్ కావడం, బిడ్డకి గానీ తల్లిదండ్రులకి, తోబుట్టువులకి గానీ ఇదివరకు ఆపరేషన్ తర్వాత వాంతులైన చరిత్ర. వీటిలో ఒక్కటీ లేకపోతే వాంతుల అవకాశం 9 శాతం, ఒకటుంటే 10, రెండుంటే 30, మూడుంటే 55, నాలుగూ ఉంటే 70 శాతం. మీ పాపకి మెల్లకన్ను తప్ప మిగతా మూడూ ఉన్నాయి. ఈ కొలత మెదడు ఆపరేషన్ల కోసం ప్రత్యేకంగా కట్టింది కాదు, కాబట్టి 55 అనే అంకెని పట్టుకుని దిగులుపడొద్దు. టాన్సిల్స్ మాట చెప్పకపోతే మూడు కాస్తా రెండుగా కనపడుతుంది. దాన్నిబట్టి డాక్టరు రెండు మందులకి బదులు ఒక్కదాంతో సరిపెట్టే అవకాశముంది.

ఇక చిన్న మెదడు దగ్గరి ఆపరేషన్లకే వాంతులు ఎందుకెక్కువో చెబుతాను. తల వెనక భాగంలో, చిన్న మెదడుకీ మెదడు కాండానికీ మధ్యన, మెదడు నీరు నిండి ఉండే చిన్న గది ఒకటుంది. దాని అడుగున, మెదడు కాండం మీద, వాంతిని రేపే చోటుంది. రక్తంలో విషమేదైనా కలిస్తే పసిగట్టి కక్కించడం దాని పని. అందుకే మెదడులో మిగతా చోట్ల రక్తానికీ కణాలకీ మధ్య ఉండే కట్టుదిట్టమైన అడ్డు దానికి లేదు. ఒళ్లు తూలకుండా చూసే నరాల కేంద్రాలు కూడా ఆ పక్కనే ఉన్నాయి. గడ్డ ఆ గదిలోకి పెరిగినా, నీటి దారికి అడ్డం పడినా వాంతులు వస్తాయి. రాత్రంతా పడుకుని ఉండడంతో తలలో ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టే మీ పాపకి పొద్దున్నే అయ్యేది, లేచి తిరిగాక తేలికపడేది. కడుపుకి దీంతో సంబంధం లేదు. రెండు నెలలు గ్యాస్ సిరప్ పోశామని మీరు కుమిలిపోకండి, చాలామంది డాక్టర్ల దగ్గర కూడా ఇది ఇలాగే మొదలవుతుంది. ఇది చదివే మిగతా తల్లిదండ్రులకి ఒక్క మాట: జ్వరం, విరేచనాలు లేకుండా బిడ్డకి మళ్లీ మళ్లీ వాంతులవుతూ రెండు వారాలు దాటితే, దానికి పొద్దుటి తలనొప్పో, నడకలో తూలడమో తోడైతే, పైత్యం అని వదిలేయకండి. బ్రిటన్‌లో 2011లో హెడ్‌స్మార్ట్ అనే ప్రచారం మొదలుపెట్టి తల్లిదండ్రులకీ డాక్టర్లకీ ఇలాంటి గుర్తులే చెబుతూ వచ్చారు. ఆ టీచరుగారికి నా తరఫున కూడా నమస్కారం చెప్పండి.

గడ్డ తీసి, నీటి దారి తెరుచుకున్నాక ఆ పొద్దుటి వాంతులు మామూలుగా తగ్గుముఖం పడతాయి. కాకపోతే సర్జన్ చేతులు ఆడేది కూడా ఆ వాంతి కేంద్రం పక్కనే. కదిలించిన చోటు సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, కొందరికి వారాలు. తల తిప్పితే తిరిగినట్టుండడం, లేచి కూర్చుంటే డోకు రావడం ఆ రోజుల్లో ఉంటాయి. దానికి తోడు మత్తు వాయువులు, నొప్పికిచ్చే మార్ఫిన్ జాతి మందులు.

కుట్ల సంగతి అడిగారు. ఒక వాంతికో రెండు వాంతులకో చర్మం మీది కుట్లు ఊడవు. చర్మం కింద కండరం, దాని కింద మెదడు పొర, అన్నిటినీ విడివిడిగా మూస్తారు. పదే పదే డోకుతుంటే మాత్రం ఇబ్బంది. డోకినప్పుడు ఛాతీలో, మెడ సిరల్లో ఒత్తిడి పెరిగి తలలోకీ పాకుతుంది. బీపీ కూడా పెరుగుతుంది. అప్పుడే మూసిన చోట రక్తం ఊరే ప్రమాదం, మెదడు పొర కుట్టు సందుల్లోంచి నీరు కారే ప్రమాదం ఉంటాయి. బిడ్డ ఇంకా మగతగా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నోటి ద్వారా వేసిన ఫిట్స్ మందు కక్కేస్తే అది పడనట్టే. అందుకే మేము వాంతి వచ్చాక చూద్దాంలే అనుకోం.

థియేటర్‌లో ఏం చేస్తారో చెబితే మీకు ధైర్యంగా ఉంటుంది. ముఖ్యంగా రెండు మందులు. ఒకటి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. గడ్డ చుట్టూ వాపు తగ్గడానికి మీ పాపకి ఇప్పటికే మొదలుపెట్టి ఉండొచ్చు, అదే మందు వాంతుల్ని కూడా ఆపుతుంది. వాంతుల కోసం విడిగా ఇస్తే కిలోకి 0.15 మిల్లీగ్రాముల లెక్కన, 5 మిల్లీగ్రాములు దాటకుండా ఇస్తారు. రెండోది ఒండాన్‌సెట్రాన్. కిలోకి 0.1 నుంచి 0.15 మిల్లీగ్రాములు, ఎంత బరువున్నా 4 మిల్లీగ్రాములు మించదు. మీ పాప బరువుకి రెండుంపావు నుంచి మూడుంపావు మిల్లీగ్రాముల మధ్య వస్తుంది. దీన్ని మొదట్లో కాకుండా ఆపరేషన్ ముగింపుకి వచ్చినప్పుడు ఇస్తారు, పాప మెలకువలోకి వచ్చే వేళకి దాని బలం ఉండాలి గనక. రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి, కాబట్టి ఒక్కటిచ్చినప్పటి కంటే రెండూ కలిపినప్పుడు గుణం ఎక్కువ. 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ముప్పు ఎక్కువున్న పిల్లలకి ఈ రెంటినీ కలిపి ఇవ్వమనే చెబుతున్నాయి. ఇవి ఖరీదైనవి కావు. రెండూ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. ప్రభుత్వాసుపత్రిలో చేయించుకుంటున్నాం, మా పాపకి ఇవి పడతాయో లేదో అన్న అనుమానం పెట్టుకోకండి.

మత్తు ఇచ్చే పద్ధతి కూడా తేడా చేస్తుంది. పీల్చే వాయువులతో మత్తు కొనసాగించవచ్చు, లేదా ప్రొపొఫాల్ అనే, పాలలా తెల్లగా ఉండే మందుని సిరలోకి పంపు ద్వారా ఎక్కిస్తూ కొనసాగించవచ్చు. రెండో పద్ధతిలో వాంతులు తక్కువ. లాఫింగ్ గ్యాస్ అనే నైట్రస్ ఆక్సైడ్ వాంతుల్ని పెంచుతుంది, ఇలాంటి పాపకి దాని జోలికి పోకపోవడం మంచిది. కోత పెట్టే చోట నెత్తి నరాలకి తిమ్మిరి ఇంజెక్షన్ వేసి, పారాసెటమాల్‌ని వేళకి ఇస్తూ ఉంటే మార్ఫిన్ జాతి మందులు తక్కువ సరిపోతాయి, అవి తగ్గితే వాంతులూ తగ్గుతాయి. అలాగని నొప్పి మందు అసలు వద్దనకండి. నొప్పికి ఏడ్చి ఏడ్చి డోకే పిల్లలున్నారు. మీరు ఇవన్నీ ఆ డాక్టరుకి పాఠంలా అప్పజెప్పక్కర్లేదు. "టాన్సిల్స్ అప్పుడు రాత్రంతా వాంతులయ్యాయండీ, ఈసారి రాకుండా ఏం ఇస్తారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. మిగతాది వాళ్లే చెబుతారు.

అత్తగారి మాటకి వద్దాం. పెద్దావిడ బిడ్డ మంచి కోరే అంటున్నారు. కానీ ముందు రోజు మధ్యాహ్నం నుంచి నీళ్లు మాన్పించడం తప్పు. ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకి మత్తులో బీపీ పడిపోతుంది, లేచాక వికారం ఎక్కువవుతుంది. మామూలు లెక్క ఇది: అన్నం, టిఫిను, పాలు, పాలు కలిపిన టీ, బిస్కెట్లు ఆపరేషన్‌కి 6 గంటల ముందు ఆపాలి. చంటిబిడ్డలైతే తల్లిపాలు 4 గంటల ముందు. మంచినీళ్లు, పంచదార నీళ్లు, గుజ్జు లేని ఆపిల్ రసం లాంటివి చాలా ఆసుపత్రుల్లో 2 గంటల ముందు వరకు ఇవ్వనిస్తారు, యూరప్‌లో ఇప్పుడు ఒక గంట ముందు వరకూ ఇస్తున్నారు. మీ పాపకి తలలో ఒత్తిడి ఉంది, రోజూ వాంతి చేసుకుంటోంది, కాబట్టి పాప కడుపు ఖాళీ కావడానికి ఎక్కువ సేపు పట్టొచ్చు. ఆ లెక్కన మీ డాక్టరు గడువు కాస్త పెంచొచ్చు, నోటి ద్వారా ఆపేసి సెలైన్ పెట్టొచ్చు. వాళ్లు చెప్పిన గంటే మీ గంట. ఎన్నింటికి ఏది ఆపాలో కాగితం మీద రాయించుకుని అత్తగారికీ చూపించండి. నీరసంగా ఉందని చెప్పిన గంట దాటాక చాటుగా రెండు గుక్కల పాలు పోసేవాళ్లున్నారు. పోసి ఉంటే భయపడి దాచొద్దు, చెప్పేయండి. ఆపరేషన్ కాస్త వెనక్కి జరుగుతుంది, అంతే.

ఆపరేషన్ అయ్యాక మొదటి రాత్రి ఐసీయూలోనే ఉంచుతారు. మిమ్మల్ని లోపలికి పిలిచినప్పుడు పాప కళ్లు మూసుకునే ఉండొచ్చు, కట్టు, గొట్టాలు చూసి గుండె జారకండి. ఎనిమిదేళ్ల పిల్ల మగతలో "కడుపులో తిప్పుతోందమ్మా" అని చెప్పలేదు. ముఖం చూసి కనిపెట్టాలి. మూతి చుట్టూ పాలిపోతుంది. నోట్లో నీళ్లూరి మాటిమాటికీ గుటకలు వేస్తుంది. పై పెదవి మీద, నుదుటి మీద చల్లటి చెమట పడుతుంది. అప్పటిదాకా మూలుగుతున్నది ఒక్కసారి గమ్మున అయిపోతుంది. ఈ నాలుగూ యంత్రాల్లో కనపడవు. రెండు నెలలుగా రోజూ పొద్దున్నే ఆ ముఖం చూసినవారు మీరు, ఆ వార్డులో మీ అంత త్వరగా ఎవరూ పోల్చలేరు. అది కనపడగానే, వాంతి కాకముందే సిస్టర్‌కి చెప్పండి. వికారం దగ్గర ఆపడం తేలిక, డోకులు మొదలయ్యాక ఆపడం కష్టం.

ఈలోపు వచ్చేస్తే? మన ఇళ్లలో వెంటనే భుజాలు పట్టి లేపి కూర్చోబెట్టి వీపు మీద తడతాం. ఇక్కడ అది చేయకండి. తల వైపు 30 డిగ్రీలు ఎత్తి పెట్టిన మంచం అలాగే ఉండనిచ్చి, తల, భుజం, నడుము మూడూ ఒక్కసారే కదిలేలా పక్కకి ఒత్తిగిలించాలి. మెడ ఒక్కటే తిప్పొద్దు. ఒక చెయ్యి చెంప కింద, ఒక చెయ్యి భుజం మీద ఉండాలి, తల వెనక కట్టు మీద మాత్రం చెయ్యి ఆనించొద్దు. నోట్లోది దానంతటదే ట్రేలోకి కారిపోతుంది. వేళ్లు పెట్టి తీయక్కర్లేదు. ముందు రోజే సిస్టర్‌ని అడిగి ఒకసారి చేయించి చూడండి, పాపకి కూడా అది ఆటలా ఉంటుంది.

వాంతి గురించి చెప్పగానే సిస్టర్ గానీ డ్యూటీ డాక్టరు గానీ ముందు టార్చి తెస్తారు. రెండు కళ్లలోకి వేసి చూస్తారు, పేరు పెట్టి పిలుస్తారు, చేతులు గట్టిగా పట్టుకోమంటారు. ఇంజెక్షన్ అడిగితే టార్చి తెచ్చారేమిటని విసుక్కోకండి. ఈ వాంతి మత్తుదా, తలలో ఒత్తిడిదా అని తేల్చుకున్నాకే మందు వేయాలి. ఆరు గంటల లోపు ఒండాన్‌సెట్రాన్ పడి ఉంటే మళ్లీ అదే వేయడం వల్ల పెద్దగా లాభం ఉండదు, వేరే జాతి మందు ఎంచుకుంటారు. మెటోక్లోప్రమైడ్, అంటే మనకి పెరినార్మ్ పేరుతో తెలిసిన మందు, కొందరు పిల్లల్లో మెడ వంకర తిప్పిస్తుంది, కళ్లు పైకి పోయేలా చేస్తుంది. తలకి ఆపరేషన్ అయిన బిడ్డలో అది చూసి ఫిట్స్ అనుకుని అందరూ హడలిపోతారు. ఫెనర్గాన్ లాంటివి మగతలోకి దించుతాయి, అసలు మగత పెరుగుతోందా అన్నదే మేము గంట గంటకీ చూసుకునే సంగతి. రెండేళ్ల లోపు పిల్లలకైతే ఫెనర్గాన్ ఇవ్వనే కూడదు. ఇలాంటి బిడ్డలకి వీటిని నేనైతే వాడను.

నోటి ద్వారా ఎప్పుడు ఇవ్వాలి? పాప అడిగినప్పుడు, డాక్టరు సరే అన్నాక. ఈ రెండూ జరగాలి. ఆకలేస్తుందేమోనని మనమే తొందరపడి పట్టించిన పాలు తిరిగొచ్చేస్తాయి. పైగా చిన్న మెదడు దగ్గర ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి మింగే నరాలు కొన్నాళ్లు బలహీనపడతాయి. మొదటి గుక్క డాక్టరో సిస్టరో ఎదురుగా ఉండగా పట్టించండి. తాగుతూ దగ్గినా, గొంతు బొంగురుపోయి మాట తడిగా వినపడినా, నీళ్లు ముక్కులోకి వచ్చినా అక్కడితో ఆపేయండి. అది బాగుంటే చెంచాలతో నీళ్లు, తర్వాత పల్చటి జావ, తర్వాత ఇడ్లీ ముక్క, మజ్జిగన్నం. చుట్టాలు గుంటూరు వచ్చేటప్పుడు క్యారేజీల నిండా కూరలు తెస్తారు, వాళ్ల ప్రేమ అది. కానీ ఆ గదిలో మూత తీయనివ్వకండి. గోంగూర తాలింపు వాసనకే డోకు వచ్చేస్తుంది. బయట వరండాలో తిని, చేతులు కడుక్కుని రమ్మనండి. అగరొత్తులు, సెంటు, దిష్టి తీసి మిరపకాయలు కాల్చడం ఏవీ ఆ గది దరిదాపుల్లో వద్దు. దిష్టి తీయాలనిపిస్తే ఇంట్లో పాప ఫొటోకి తీయించుకోండి.

చేతికి పనిచెప్పే ఉపాయం ఒకటుంది, కాస్త ఆధారం కూడా ఉన్నదే. మణికట్టు లోపలి వైపు గీత నుంచి పాప వేళ్లు మూడు పెట్టి కొలిచి, పిడికిలి బిగిస్తే పైకి తేలే రెండు తాళ్ల మధ్య బొటనవేలితో మెత్తగా నొక్కి ఉంచడం. ఆపరేషన్ తర్వాత వాంతులు తగ్గించడంలో ఇది ఉపయోగపడుతుందని పరిశోధనల్లో తేలింది. సెలైన్ సూది లేని చేతికి చేయండి. మందుకి బదులు కాదు, మందుతో పాటు. నిమ్మచెక్క వాసన చూపించినా తప్పులేదు.

పక్కింటావిడ చెప్పిన సిరప్ మాత్రం సంచీలో పెట్టుకోకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ఆసుపత్రిలో ఉండగా అదే మందు సిరలో పడుతూనే ఉంటుంది, మీరు మళ్లీ పోస్తే రెట్టింపవుతుంది. ఇంటికొచ్చాక ఇంకా ప్రమాదం. వారం తర్వాత పాపకి వాంతి అయిందనుకోండి, సిరప్ పోస్తారు, కాసేపు ఆగుతుంది, తగ్గిందని పడుకోబెడతారు. ఆ వాంతి తలలో మళ్లీ నీరు చేరడం వల్ల వచ్చినదైతే, ఆ రాత్రి పోగొట్టుకున్న గంటలు తిరిగి రావు. డాక్టరు డిశ్చార్జిలో రాసిస్తే, ఎప్పుడు వాడాలో చెబితే, అప్పుడు వాడండి.

మొదటి రోజు, రెండో రోజు ఒకటి రెండు వాంతులై, మధ్యలో పాప మిమ్మల్ని గుర్తుపట్టి మాట్లాడుతూ ఉంటే కంగారు లేదు. బాగా తేరుకున్న పాపకి మళ్లీ వాంతులు మొదలవడం వేరు. వాంతితో పాటు తలనొప్పి పెరుగుతున్నా, పిలిస్తే పలకడం తగ్గుతున్నా, నిద్ర లేపినా మళ్లీ జోగుతున్నా, ఒక కంటి పాప పెద్దదిగా కనపడినా, ఫిట్స్ వచ్చినా, నాడి నెమ్మదించినా వెంటనే చూపించాలి. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, కట్టు తడిసిపోవడం, దిండు మీద నీటి మరక, తల వెనక కుట్టు కింద మెత్తగా ఉబ్బడం, వీటికీ అంతే తొందర కావాలి. పాపకి తలలోంచి నీరు తీసే పైపు పెడితే, అది మూసుకుపోయినప్పుడు మొదట కనపడేది కూడా వాంతే.

ఇంకొన్ని వాంతులు తలతో సంబంధం లేకుండా వస్తాయి. రక్తంలో సోడియం పడిపోతే వికారం, మగత వస్తాయి. మెదడు ఆపరేషన్ల తర్వాత అది అరుదు కాదు, రక్తపరీక్షలో తేలుతుంది. ఉత్త నీళ్లు అదే పనిగా తాగించకండి. ఫిట్స్ మందు మోతాదు ఎక్కువైనా వాంతి, తూలు వస్తాయి. మలబద్ధకం సంగతి ఎవరూ పట్టించుకోరు. ఒండాన్‌సెట్రాన్, మార్ఫిన్ జాతి మందులు రెండూ విరేచనం బిగిస్తాయి, కడుపు ఉబ్బి వికారం పెడుతుంది, ముక్కితే తలలో ఒత్తిడి పెరుగుతుంది. రెండు రోజులు కాకపోతే అడిగి మెత్తబరిచే మందు రాయించుకోండి.

స్టెరాయిడ్ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండండి. డెక్సామెథసోన్‌ని రోజులు గడిచేకొద్దీ తగ్గిస్తూ ఆపుతారు. ముఖం ఉబ్బిందనో, ఆకలి ఎక్కువైందనో మీరే ఒక్కసారిగా మానిపిస్తే వాంతులు, నీరసం వచ్చి పాప సొమ్మసిల్లవచ్చు. వేసిన మాత్ర అరగంటలోపు కక్కేస్తే మళ్లీ వేయాలో లేదో ఫోన్ చేసి అడగండి. జ్వరానికి, నొప్పికి ఆస్పిరిన్ వద్దు. ఇంట్లో మిగిలిన ట్రమడాల్ లాంటి పెద్దవాళ్ల నొప్పి మాత్రలు అసలు వద్దు.

ఇంటికి వెళ్లే రోజు గుంటూరు నుంచి తెనాలి దారి పాప తలకి పరీక్షే. ఎండ ఎక్కకముందే బయల్దేరండి. కడుపు నిండా పెట్టొద్దు, ఖాళీగానూ ఉంచొద్దు, ఒక ఇడ్లీ చాలు. తల సీటుకి ఆనించి, ఫోన్ ఇవ్వకుండా, దూరంగా రోడ్డుని చూడమనండి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర నిదానంగా దాటించమని డ్రైవరుకి ముందే చెప్పండి.

డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడు అడిగి నాలుగు సంగతులు తెలుగులో రాయించుకోండి. స్టెరాయిడ్ ఏ తారీఖున ఎంతకి తగ్గించాలి. వాంతి అయితే ఏ మందు, ఎంత, ఎన్నిసార్ల దాకా. ఏ గుర్తులుంటే ఇంట్లో ఆగకుండా వచ్చేయాలి. అర్ధరాత్రి ఏ నంబరుకి ఫోన్ చేయాలి. పాప జోగుతూ వాంతి చేసుకుంటుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పేరు, తేదీ ఆ అంబులెన్సులోని వాళ్లకి చెప్పండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి మీ ఫోన్‌లోనూ మీ ఆయన ఫోన్‌లోనూ ఉంచుకోండి, పాప ఫైలు ఎప్పుడూ ఒకే సంచీలో, తలుపు దగ్గర పెట్టండి.